బాలింత ఇంటికి ఒక క్యారియర్

(డోన్‌లో జరిగిన పెన్షనర్ల దినోత్సవ సభలో విశ్రాంత మహిళా హెల్త్ సూపర్‌వైజర్ ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనమంతా ఒకచోట చేరుతున్నాము. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పెన్షన్ ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అన్నది ఆ తీర్పు సారాంశం. హక్కుల సంగతి మన నాయకులు చక్కగా చెప్పారు. నేను ఒక బాధ్యత సంగతి చెప్పడానికి లేచాను.

కార్యదర్శిగారు నన్ను "ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పండమ్మా" అన్నారు. బి.పి., షుగరు, మోకాళ్ల నొప్పుల గురించి చెబుతానని మీరు అనుకొని ఉంటారు. వాటి గురించి రోజూ మనలో మనం చెప్పుకుంటూనే ఉన్నాము. ఈరోజు నేను చెప్పబోయేది బాలింత తిండి గురించి. "ఈ వయసులో మనకెందుకమ్మా ఆ ముచ్చట?" అని వెనక వరుసలో ఎవరో నవ్వుతున్నారు. ఎందుకో చివరిదాకా వింటే తెలుస్తుంది.

నేను 1971లో ఏ.ఎన్.ఎం.గా ఉద్యోగంలో చేరి 2008లో పదవీ విరమణ చేశాను. 37 సంవత్సరాలు ఈ చుట్టుపక్కల పల్లెల్లో కాన్పులు చూశాను. మన డోన్ అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లాలో ఉంది. జిల్లా మారినా ఊరు అదే, ఎండ అదే, మన జొన్నరొట్టె అదే.

ముందు నా సంగతే చెబుతాను. 1975 చలికాలంలో నాకు మొదటి కాన్పు అయింది. మావారు రైల్వేలో గుమాస్తా. మేము క్వార్టర్లలో ఉండేవాళ్లం. మా అమ్మ అప్పటికే కాలం చేసింది. పుట్టింట్లో పురుడు పోసేవారు లేక మా అత్తమ్మ పత్తికొండ వైపునున్న పల్లె నుంచి వచ్చింది. అత్తమ్మ చేతి పథ్యం చాలా కఠినం. పొద్దున కాయం ముద్ద. మధ్యాహ్నం నాలుగు ముద్దల పాతబియ్యం అన్నం, వేయించిన తెల్లగడ్డల కారం, పైన ఒక చెంచా నెయ్యి. రాత్రికి అదీ లేదు. పప్పు వాతం, ఆకుకూర బిడ్డకు విరేచనం, పెరుగు బిడ్డకు జలుబు, నీళ్లు తాగితే పొట్ట వస్తుంది. రోజుకు ఒక చెంబు నీళ్లు, అవీ కాచినవి.

వినండి, నేను అప్పటికే నాలుగేళ్లుగా ఊరూరా తిరిగి "బాలింత బాగా తినాలి, నీళ్లు బాగా తాగాలి" అని చెబుతున్న మనిషిని. నా ఇంట్లో నేను నోరు విప్పలేకపోయాను. ఏడో రోజు పొద్దున స్నానాల గది గడప దగ్గర కళ్లు తిరిగి పడిపోయాను. చేతిలో బిడ్డ లేదు కాబట్టి సరిపోయింది.

మా గోడకు అవతలి క్వార్టరులో ఒక గ్యాంగ్‌మన్ కుటుంబం ఉండేది. ముస్లింలు. ఆయన భార్యను మేమంతా ఆపా అని పిలిచేవాళ్లం. ఆరుగురు పిల్లల తల్లి. నేను పడిన చప్పుడు విన్నట్టుంది. ఆ మధ్యాహ్నం అత్తమ్మ కునుకు తీసే వేళ చూసి వెనక గోడ మీదుగా ఒక చిన్న క్యారియర్ అందించింది. రెండు మెత్తని జొన్నరొట్టెలు, తోటకూర పప్పు, ఒక లోటా పాలు. "ఏం కాదులే అమ్మా, తిను. నువ్వు తినకుంటే బిడ్డకు పాలు యాడ్నుంచి వస్తాయి?" అంది. అక్కడే నిలబడి తిన్నాను. అంత రుచిగల అన్నం నేను మళ్లీ తినలేదు.

ఆ తర్వాత పద్నాలుగు రోజులు ఆ క్యారియర్ గోడ దాటి వచ్చింది. ఒకరోజు గసగసాలు, బాదం, నెయ్యి వేసి కాచిన హరీరా. ఒకరోజు గుడ్డు. ఒకరోజు కాళ్ల షోర్బా. గ్యాంగ్‌మన్ జీతంలో ఆరుగురు పిల్లల ఇంట్లో బాదం పప్పు ఎలా వచ్చిందో అప్పుడు ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచిస్తే గొంతు పట్టుకుంటుంది.

అత్తమ్మకు తెలియదని నేను అనుకున్నాను. ఎన్నో ఏళ్ల తర్వాత ఆపానే ఒకసారి చెప్పింది. నేను తిని గోడ దగ్గర దాచిపెట్టిన ఖాళీ క్యారియర్‌ను ప్రతి సాయంత్రం మా అత్తమ్మే కడిగి, గిన్నెలో ఒక బెల్లం గడ్డ వేసి గోడ మీదుగా తిరిగి ఇచ్చేదట. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదు కదా! ఆమె మాట్లాడేది కాదట, ఈమె అడిగేది కాదట.

తర్వాత అత్తమ్మనే అడిగాను. చాలాసేపు ఊరుకొని చెప్పింది. ఆమె మొదటి బిడ్డ పన్నెండో రోజున విరేచనాలతో పోయాడు. "నువ్వు పుంటికూర తిన్నందుకే పోయినాడు" అని ఊరంతా ఆమెను అన్నదట. అప్పటికి ఆమెకు పదహారేళ్లు. ఆ మాట ఆమె గుండెలో నలభై ఏళ్లు ఉండిపోయింది. తన చేత్తో నాకు ఆకుకూర పెట్టడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. ఇంకొకరు పెడితే అడ్డుకోవడానికి మనసు రాలేదు. కాబట్టి పథ్యం పెట్టే పెద్దవాళ్లను నేను ఎప్పుడూ తిట్టను. ఆ పథ్యం వెనక చాలాచోట్ల ఒక భయం ఉంటుంది. ఆ భయాన్ని పోగొట్టాలంటే నిజం చెప్పాలి.

నిజమేమిటో క్లుప్తంగా చెబుతాను. తల్లి శుభ్రంగా కడిగి వండిన ఆకుకూర తింటే బిడ్డకు విరేచనాలు రావు. తల్లి పెరుగు తింటే బిడ్డకు జలుబు చేయదు. పప్పు తింటే కుట్లు చీము పట్టవు. నీళ్లు తాగితే పొట్ట పెరగదు. పాలలో నూటికి 87 పాళ్లు నీళ్లే. బిడ్డ రోజుకు ముప్పావు లీటరు వరకు పాలు తాగుతాడు. ఆ నీళ్లన్నీ తల్లి తాగితేనే కదా! దాహం వేసినప్పుడల్లా తాగాలి, పాలిచ్చే ప్రతిసారీ పక్కన ఒక గ్లాసు ఉండాలి.

మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్కల ప్రకారం, పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు మామూలు తిండికి పైన రోజుకు 600 కెలోరీలు అదనంగా కావాలి. అంటే ఇంకొక పూట భోజనం అన్నమాట. మాంసకృత్తులు సుమారు 17 గ్రాములు ఎక్కువ కావాలి. సున్నం, అదే కాల్షియం, రోజుకు 1200 మిల్లీగ్రాములు కావాలి. తల్లి తినకపోయినా కొంతకాలం పాలు వస్తూనే ఉంటాయి. అందుకే చాలామంది మోసపోతారు. ఆ పాలు ఆమె ఒంట్లోని కండ నుంచి, ఎముకల నుంచి వస్తాయి. 

అయితే పాత పథ్యమంతా తప్పు అని నేను అనను. బాలింతను బరువు పనులు చేయనివ్వకుండా విశ్రాంతిగా ఉంచడం మంచిది. వేడివేడిగా, అప్పటికప్పుడు వండి పెట్టడం చాలా మంచిది. నెయ్యి, బెల్లం, నువ్వులు, తెల్లగడ్డలు, వాము, మిరియాల చారు, కొద్దిగా శొంఠి, ఇవన్నీ తినవచ్చు. వద్దనేది రెండే. ఒకటి, ఆకలితో ఉంచడం. రెండు, ఏమేమి కలిపారో తెలియని పొడులు, లేహ్యాలు డాక్టరును అడగకుండా తినిపించడం. బి.పి. ఉన్న బాలింత విషయంలో మరీ జాగ్రత్త. బిడ్డకు మాత్రం పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టాలి. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప తేనె, ఆముదం, చక్కెర నీళ్లు ఏవీ నాకించకూడదు. ఏడాది నిండేదాకా తేనె అసలే వద్దు.

ఇక ఈ కాలానికి వస్తాను. ఈ ఏడాది మార్చిలో మా వెనక వీధి అద్దె ఇంట్లో ఒక చిన్న జంటకు పాప పుట్టింది. ఇద్దరూ ఉద్యోగులే. శ్రీకాకుళం వైపు వాళ్లు. ఆపరేషన్ కాన్పు. అమ్మాయి తల్లికి కాలు విరిగి మంచంలో ఉంది. అత్తగారు లేరు. ఆరో రోజున ఇంటికి వచ్చారని తెలిసి, అలవాటు కొద్దీ చూడబోయాను. పాపను చూశాను. "తల్లీ, ఆకుకూరలు తిను, గుడ్డు తిను, రాగి జావ తాగు, ఐరన్ మాత్ర మానకు" అని అరగంట చెప్పాను. 37 ఏళ్ల సర్వీసు ఊరికే పోతుందా! ఆ అమ్మాయి అన్నిటికీ తల ఊపింది. నేను లేచి బయలుదేరబోతుంటే మెల్లగా అంది: "మామ్మగారూ, అవన్నీ నాకు తెలుసండీ. వండేదెవరండీ?"

వంటింటి వైపు చూశాను. గిన్నెలు పేరుకుపోయి ఉన్నాయి. మూలన హోటలు పొట్లాల కాగితాలు. ఆ అబ్బాయి ఒక భుజాన బిడ్డను వేసుకొని ఇంకో చేత్తో టీ కాస్తున్నాడు. మూడు రోజులుగా ఆ పిల్ల తిన్నది ఇడ్లీ పొట్లం, బ్రెడ్డు. నాకు తల కొట్టేసినట్టయింది. 1975లో చదువురాని ఆపా చేతిలో క్యారియర్‌తో వచ్చింది. చదువుకున్న నేను చేతులూపుకుంటూ ఉపన్యాసంతో వెళ్లాను.

మరుసటి రోజు నుంచి 21 రోజులు మేము ఆ ఇంటికి క్యారియర్ పంపాము. మేము అంటే ముగ్గురం. నేను, మన సంఘంలోని ఒక రిటైర్డు టీచరమ్మ, ఒక రిటైర్డు పోస్టుమాన్ అన్న. ఒకరోజు నేను, ఒకరోజు టీచరమ్మ వండేవాళ్లం. పోస్టుమాన్ అన్న సైకిలు మీద అందించి వచ్చేవాడు. "ముప్పై ఏళ్లు ఉత్తరాలిచ్చినా ఎవరూ ఇంత సంతోషంగా తలుపు తీయలేదమ్మా" అన్నాడు.

మొదటి రోజే ఒక తప్పు చేశాను. మన పద్ధతిలో నల్లకారం వేసి బీరకాయ కూర పంపాను. మన కర్నూలు కారం సంగతి మీకు తెలుసు. ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకొని తిన్నదట, మొహమాటానికి చెప్పలేదు. అబ్బాయి మరునాడు నసుగుతూ చెప్పాడు. కాబట్టి మొదటి సూత్రం, ఏమి తింటారో, ఏమి తినరో ముందే అడగాలి. కారం, మాంసం, గుడ్డు, ఒంటికి పడని వస్తువు, అన్నీ అడగాలి. ఆపరేషన్ అయినవాళ్లకు గట్టి ఆహారం ఎప్పటినుంచి పెట్టవచ్చో ఆసుపత్రిలో చెప్పినట్టే చేయాలి.

మా నాలుగు గిన్నెల క్యారియర్‌లో ఏముండేదో చెబుతాను. సోదరీమణులు రాసుకోవచ్చు, సోదరులు కూడా రాసుకోవచ్చు.

అడుగు గిన్నెలో అన్నమో, కొర్ర పొంగలో, జొన్నరొట్టెలో. కొర్ర పొంగలికి ఒక గ్లాసు కొర్రలు కడిగి గంటసేపు నానబెట్టాలి. అర గ్లాసు పెసరపప్పు దోరగా వేయించి కలిపి, నాలుగున్నర గ్లాసుల నీళ్లు పోసి మెత్తగా ఉడికించాలి. నెయ్యిలో జీలకర్ర, మిరియాలు, అల్లం, కరివేపాకు పోపు పెట్టాలి. ఇద్దరికి సరిపోతుంది. జొన్నరొట్టె అయితే పలుచగా చేసి, వేడిగా ఉన్నప్పుడే గుడ్డలో చుట్టాలి. లేకపోతే అప్పడమవుతుంది.

రెండో గిన్నెలో పప్పు. తోటకూర, పాలకూర, మెంతికూర, ఏది దొరికితే అది వేసిన కందిపప్పు. మూడో గిన్నెలో కూర. సొరకాయ, బీరకాయ, పొట్లకాయ, లేదా మునగాకు వేపి బుడ్డల పొడి చల్లినది. తినేవాళ్లకు గుడ్డు కూర, వారానికి రెండుసార్లు కోడికూర. నాలుగో గిన్నెలో పెరుగు, పక్కన రెండు నువ్వుల ఉండలు. విడిగా ఒక ఫ్లాస్కులో రాగి జావ. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. మన సంకటిని పేదల తిండి అని చిన్నచూపు చూశాము కానీ, బాలింతకు అంతకంటే మంచి గింజ లేదు. ఒక పండు తప్పనిసరి. మలబద్ధకంతో కుట్ల దగ్గర బాధపడే బాలింతకు జామపండు, బొప్పాయి పండు ఎంతో మేలు చేస్తాయి.

ఇక్కడ ఒక చిన్న మాట. కాన్పు తర్వాత 180 రోజులు ఐరన్ మాత్ర వేసుకోవాలి. దానిని టీతో గాని, కాల్షియం మాత్రతో గాని కలిపి వేసుకోకూడదు. ఒకటి పొద్దున, ఒకటి రాత్రి అన్నట్టు వేరుగా వేసుకోవాలి. అంగన్‌వాడీలో పేరు రాయించుకున్నారా అని కూడా అడగండి. ఉద్యోగస్తులకు అవమానమేమీ కాదు.

క్యారియర్ తీసుకెళ్లే పద్ధతి కూడా ఉంది. వంట ఇద్దరికి సరిపడా ఉండాలి, ఎందుకంటే తండ్రి కూడా నిద్ర లేకుండానే ఉన్నాడు. పెద్దబిడ్డ ఉంటే వాడికి ఏదైనా చిన్న తాయిలం వేరుగా పెట్టండి. తమ్ముడు పుట్టాక వాడిని ఎవరూ పట్టించుకోరు. వెళ్లే ముందు ఫోను చేయండి. పది నిమిషాలకు మించి కూర్చోవద్దు. జలుబు, జ్వరం ఉంటే వెళ్లవద్దు. చేతులు కడుక్కోకుండా బిడ్డను ముట్టుకోవద్దు, ముద్దులు అసలే వద్దు. "ఆపరేషన్ ఎందుకయింది? ఆడపిల్లేనా? పాలు పడలేదా?" అన్న మూడు ప్రశ్నలూ ఇంటి దగ్గరే వదిలి వెళ్లండి. గిన్నెల కోసం వాళ్లను తొందరపెట్టవద్దు. వండిన అన్నం రెండు మూడు గంటల్లో తినేసేలా పంపండి, మన ఎండకు నిలవదు.

ఇంకొక్కటి మరీ ముఖ్యం. క్యారియర్ ఇచ్చే పది నిమిషాల్లో బాలింత ముఖం చూడండి. రక్తస్రావం ఎక్కువైనా, జ్వరం, దుర్వాసన గల స్రావం, ఆయాసం, పిక్కల వాపు నొప్పి, విపరీతమైన తలనొప్పి, ఫిట్సు, వీటిలో ఏది ఉన్నా క్యారియర్ పక్కనపెట్టి 108కి ఫోను చేయండి. ఊరికే ఏడుస్తూ, బిడ్డవైపు చూడకుండా రెండు వారాలు దాటినా డాక్టరుకు చూపించమని చెప్పండి. రోజూ వచ్చే మనిషికే ఇవి కనబడతాయి. ఈ పని వంట ఒక్కటే కాదని నేననేది అందుకే.

ఇది మనకొక్కరికే ఉన్న ఆచారం కాదు. చైనాలో బాలింతను నెలరోజులు కూర్చోబెట్టి వండి పెడతారు. కొరియాలో సముద్రపు నాచుతో చేసిన పులుసు పోస్తారు. మెక్సికోలో నలభై రోజులు విశ్రాంతి. నెదర్లాండ్స్‌లో కాన్పు తర్వాత సుమారు వారం రోజులు శిక్షణ పొందిన ఆయా ఇంటికే వచ్చి తల్లిని, బిడ్డను చూసి ఇంటిపని కూడా అందుకుంటుంది. అక్కడ ఆ పని పద్ధతి ప్రకారం జరుగుతుంది. మన దగ్గర పుట్టిల్లు చేసేది. ఇప్పుడు పుట్టిళ్లు దూరమయ్యాయి, అమ్మమ్మలు కూడా ఉద్యోగాలకు వెళుతున్నారు. మన పిల్లలు బెంగుళూరులోనూ అమెరికాలోనూ ఇలాగే పొట్లాల తిండి తింటున్నారని మరచిపోకండి. అక్కడ మన కోడలికి, కూతురికి ఎవరో ఒకరు తలుపు తట్టి గిన్నె ఇవ్వాలని కోరుకుంటాము. ఇక్కడ ఇంకొకరి కూతురికి మనం ఇస్తున్నామా?

ఈ సంగతి కార్యవర్గంలో ఎత్తినప్పుడు మూడు అభ్యంతరాలు వచ్చాయి. దాపరికం లేకుండా చెబుతాను. "పురుడు మైల" అన్నారు. మైల ఉన్న ఇంటినుంచి మనం ఏమీ తినడం లేదు, పెడుతున్నాము. "ఎవరి చేతి వంట ఎవరు తింటారు?" అన్నారు. ఆ మాట వాళ్లనే అడుగుదాము. వద్దన్నవాళ్లకు పండ్లు, పాలు ఇద్దాము. నాకు మాత్రం ప్రాణం నిలిపింది గోడ అవతలి చెయ్యి. "ఏమన్నా అయితే మన మీదికి వస్తుంది" అన్నారు. ఇది నిజమైన అభ్యంతరమే. అందుకే అడిగినవాళ్లకే ఇద్దాము, అడిగి తెలుసుకొని వండుదాము, శుభ్రంగా వండుదాము, మందులు మాత్రం మనం చెప్పవద్దు.

నా ప్రతిపాదన చిన్నది. మన సంఘం కార్యాలయంలో ఒక నోటుబుక్కు పెడదాము. ఒక పేజీలో వండగలిగినవాళ్ల పేర్లు, ఒక పేజీలో మోయగలిగినవాళ్ల పేర్లు. ఊళ్లో తోడులేని బాలింత ఉన్నదని తెలిస్తే 21 రోజులను ఏడుగురం పంచుకుందాము. ఒక్కొక్కరికి మూడు రోజులు. అంతకంటే ఎక్కువ నేను అడగడం లేదు. వంటరాని సోదరులు ఆకుకూర ఏరవచ్చు, క్యారియర్ మోయవచ్చు. ఇంట్లో ఖాళీగా పడివున్న స్టీలు క్యారియర్లు ఉంటే ఇవ్వవచ్చు. ఏ పనికీ పనికిరామని మనలో కొందరు దిగులు పడుతున్నారు. పొద్దున తొమ్మిదింటికి ఎవరో మనకోసం ఎదురుచూస్తున్నారంటే ఆ దిగులు కొంత తగ్గుతుంది. నాకు తగ్గింది.

ఆ జంటకు పోయిన నెలలో బదిలీ అయింది. వెళ్లేముందు ఆ అమ్మాయి పాపను చంకనేసుకొని వచ్చి నా క్యారియర్ తిరిగి ఇచ్చింది. పై గిన్నె బరువుగా ఉంది. తీసి చూస్తే పలాస జీడిపప్పు. "మా ఊళ్లో ఖాళీ గిన్నె ఇవ్వకూడదంటారండీ" అంది. మా అత్తమ్మ గుర్తుకొచ్చింది. నేనేమీ మాట్లాడలేకపోయాను.

నోటుబుక్కు నేనే కొని తెచ్చాను, అదిగో, కార్యదర్శిగారి బల్లమీద ఉంది. మొదటి పేరు నాది రాశాను. రెండు, మూడు పేర్లు కూడా ఉన్నాయి. భోజనాలకు లేచేముందు ఆ బల్ల మీదుగా ఒకసారి వెళ్లవలసిందిగా మనవి.